బావగారి మోటారు

ముప్పై రెండేళ్ళపాటు హైస్కూలు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. నల్లబల్ల మీద ఇంజను బొమ్మ నేను వేసినన్నిసార్లు ఇంజన్లు తయారుచేసే కంపెనీవాడు కూడా వేసివుండడు. రెండు నిలువు గీతలు, వాటి మధ్య పెట్టెలాంటి పిస్టను, నెత్తిమీద చిన్న నక్షత్రం. ఆ నక్షత్రమే నిప్పురవ్వ. "పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి లోపలికి వస్తాయి, పిస్టను పైకి లేచి వాటిని అదిమిపెడుతుంది, అప్పుడు నిప్పురవ్వ పడి భగ్గుమంటుంది, ఆ తోపుకి పిస్టను కిందికి దిగుతుంది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి నిలబడి, "అంత గట్టిగా అదిమితే పక్క సందుల్లోంచి కారిపోదాండీ?" అని అడిగాడు. కారిపోదు, కూర్చోమన్నాను. పరీక్షలో ఆ ప్రశ్న రాదు మరి.

ఆ కుర్రాడిది ఉప్పాడ. పదో తరగతి గట్టెక్కి, తండ్రితోపాటు సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు వాడికి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక ఫైబరు పడవ వున్నాయి. కాకినాడ వచ్చినప్పుడల్లా మా ఇంటి గుమ్మంలో నిలబడి, "బాగున్నారాండీ మేష్టారూ" అని పలకరించి గాని వెళ్ళడు. చదువు చెప్పినందుకు నాకు మిగిలిన ఆస్తి ఇలాంటి పలకరింపులే.

కొన్నేళ్ళ కిందట ఏప్రిల్ నెలాఖరున వచ్చాడు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మోటారు పడవలు వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లుపెట్టే కాలమని ప్రభుత్వం నిషేధిస్తుంది. ఆ రెండు నెలల్లోనే వలలు బాగుచేసుకోవడం, పడవలకు రంగులు వేసుకోవడం, ఇంజన్లు అమ్ముకోవడం కొనుక్కోవడం అన్నీను. వీడి ఇంజను ఆ ఏడు పూర్తిగా చేతులెత్తేసింది. కొత్తది కొనే తాహతు లేదు. పడవ వెనక చెక్కకి తగిలించుకునే మోటారు, రెండు సిలిండర్లది, పది గుర్రాలకి కాస్త తక్కువ బలం వున్నది, పాతదైనా ఫరవాలేదు, ఎక్కడైనా వుందేమో అని వాకబు చేస్తున్నాడు.

నాకు తటాలున మా బావగారు జ్ఞాపకం వచ్చారు.

బావగారంటే మా ఆవిడకు అన్నగారు. కోనసీమలో, ముమ్మిడివరానికి చేరువలో వుంటారు. గోదావరి పాయ అవతల లంకలో ఆయనకు కొబ్బరితోట. రోజూ రేవుపడవ కోసం కాచుకోలేక సొంతానికి ఒక పడవా, దానికో మోటారూ కొన్నారు. మోకాళ్ళు నొప్పిచేసి తోట కౌలుకిచ్చేశాక ఆ మోటారు కొబ్బరికాయల పాకలో పడివుంది. నేను ఆ పడవలో తిరిగాను. వెన్నెల రాత్రి ఒకటి రెండుసార్లు అత్తవారింటి మర్యాదలతో సహా తిరిగాను. ఇంకేం, అక్కడికక్కడే పూచీ పడిపోయాను. "బంగారం లాంటి మోటారోయ్! ఆ చప్పుడు వింటే వీణ మీటినట్టు వుంటుంది. కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాను. ఫోను చేస్తే బావగారు 65 వేలన్నారు. అదీ నా మొహం చూసి చెప్పిన ధరట.

శిష్యుడు సంతోషించాడు. సంతోషిస్తూనే, "మా మేస్త్రిని కూడా తీసుకొస్తానండి. ఒక్కసారి కంప్రెషన్ చూస్తాడు" అన్నాడు.

నాకు చివుక్కుమంది. నేను చెప్పాక ఇంకా చూసేదేమిటి? వాడు వెళ్ళాక ఆ మాటే మా ఆవిడతో అన్నాను. ఆవిడ ఆవకాయకు మామిడికాయలు తుడుస్తోంది. "నిన్న ఈ కాయలు కొనేటప్పుడు మీరు ఒకదాన్ని కోయించి టెంక పట్టిందో లేదో చూడలేదూ? కాయకున్న పాటి విలువ ఇంజనుకి లేదా?" అంది. ఆవిడ మాటలకు నేను సాధారణంగా జవాబు చెప్పను. చెప్పడానికి వుండదు.

ఆదివారం నాడు శిష్యుడి తమ్ముడి ఆటోలో బయలుదేరాం. పుట్టింటికి వెళ్ళే అవకాశం ఎందుకు పోగొట్టుకోవాలని మా ఆవిడ కూడా ఎక్కింది. మేస్త్రి అరవయ్యేళ్ళ మనిషి, బక్కగా, నోట్లో మాట లేనట్టు వుంటాడు. ఒళ్ళో గోనెసంచి ఒకటి. దారిపొడుగునా మాట్లాడింది నేనే. మేష్టరు నోరు ఊరుకుంటుందా? 1909లో అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్ళో ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే దేశస్థుడు ఇలాంటి పడవ మోటార్లు అమ్మకానికి పెట్టాడనీ, మొదటిది ఒకటిన్నర గుర్రాల బలమేననీ చెప్పాను. దానికొక కథ కూడా వుంది. ఆయన పెళ్ళాడబోయే అమ్మాయి ఎండవేళ ఐస్‌క్రీం కావాలందట. ఈయన సరస్సు అవతలికి తెడ్లు వేసుకుంటూ వెళ్ళి తెచ్చేసరికి అది కాస్తా కరిగి నీరైందట. ఆ ఉక్రోషంలోంచి మోటారు పుట్టిందని చెప్పుకుంటారు. తరవాత వ్యాపారం లెక్కలన్నీ ఆవిడే చూసింది.

మేస్త్రి అంతా విని, "అయితే పెళ్ళాం కోసం పుట్టిన మిషనన్నమాటండి" అన్నాడు.

శిష్యుడు నవ్వాడు. కాసేపటికి కిటికీలేని ఆటోలోంచి బయటికి చూస్తూ, "ఈ మిషను కూడా అలాంటిదేనండి. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి 40 తెచ్చానండి. మిగిలింది నా దగ్గరుందండి" అన్నాడు. మా ఆవిడ తల తిప్పి వాడివంక చూసింది. యానాం దాటి, ఎదుర్లంక వారధి మీద గాలి గట్టిగా కొడుతోంది. ఆ తరవాత నేను కూడా ఎక్కువ మాట్లాడలేదు.

బావగారు వీధి అరుగుమీదే వున్నారు. కొబ్బరిబొండాలు, కుశలప్రశ్నలు అయ్యాయి. మోటారును పాకలో చెక్కబల్లకి బిగించి, పైమూత తళతళలాడేట్టు తుడిపించి వుంచారు. మేస్త్రి ఆ తళుకువంక చూడనైనా చూడలేదు. మూత తీయించి లోపల అరచెయ్యి ఆనించాడు, జ్వరం చూసే డాక్టరులాగా.

"చల్లగా వుందండి. మంచిది" అన్నాడు. కొందరు కొనేవాళ్ళు వచ్చేముందే ఇంజను ఆడించి వేడిచేసి పెడతారట. చల్లటి ఇంజను మొరాయించేదీ మొరాయించనిదీ అప్పుడు తెలియదట. బావగారు నావంక గర్వంగా చూశారు.

గోనెసంచిలోంచి ప్లగ్గుపానా, ఒక రబ్బరుగొట్టం, దాని చివర గడియారంలాంటి గేజి బయటికి వచ్చాయి. ఈ మోటార్లలో సిలిండర్లు ఒకదాని మీద ఒకటి వుంటాయి. మేస్త్రి రెండు ప్లగ్గులూ ఊడదీసి, పై దాన్ని పైన, కింద దాన్ని కింద, కాగితం మీద వరసగా పెట్టాడు. ప్లగ్గుల తీగల్ని ఇంజను ఇనుముకి తగిలేట్టు కట్టాడు. అలా కట్టకపోతే నిప్పురవ్వ ఎక్కడో అక్కడ ఎగిరి, చిమ్మిన పెట్రోలు అంటుకోవచ్చు, లోపలి విద్యుత్తు సరంజామా చెడిపోవచ్చు. తరవాత పిడి పూర్తిగా తిప్పి గాలిదారి బార్లా తెరిచాడు. గాలి లోపలికి రాందే అదిమేదేమిటి? ఇవన్నీ నేను అడగ్గా అడగ్గా చెప్పినవే. గేజిని పై ప్లగ్గురంధ్రంలో బిగించి, "లాగు" అన్నాడు.

శిష్యుడు తాడు లాగాడు. ఒక్కొక్క లాగుకీ ముల్లు ఒక్కొక్క మెట్టు ఎక్కుతోంది. ఆరో లాగుకి ఇక కదల్లేదు. 115. కింది సిలిండరుకి మార్చి మళ్ళీ లాగితే 110.

"అంటే చదరపంగుళానికి 115 పౌండ్లన్నమాట" అని నేను మా ఆవిడకు వివరించాను. బావగారు కండువా దులిపి భుజాన వేసుకుని, "నే చెప్పలేదూ?" అన్నారు. నాకూ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. లేచి కాళ్ళు కడుక్కుని భోజనాలకు కూర్చోవడమే తరువాయి అనుకున్నాను.

మేస్త్రి మాత్రం లేవలేదు. పై ప్లగ్గు తీసి వెలుతురులో తిప్పి చూస్తున్నాడు. బొటనవేలితో తుడిచాడు. వేలు వాసన చూశాడు. కింది ప్లగ్గు కూడా అలాగే చూశాడు.

"డ్రమ్ములో పెట్టి ఓ అరగంట ఆడిద్దామండి" అన్నాడు.

"ఇంకెందుకు? గేజి చూశావుగా" అన్నారు బావగారు.

"వేడిమీద ఒకసారి చూడాలండి, ఆయ్."

బావగారికి నచ్చలేదు. అయినా పాక వెనక నీళ్ళ డ్రమ్ము వుందని చెల్లెలే గుర్తుచేసింది. ఇలాంటి మోటారుని గట్టుమీద ఉత్తినే ఆడించకూడదు. పడవ కింది నీళ్ళనే పీల్చి ఒళ్ళు చల్లబరుచుకునే యంత్రమది. ఆ నీళ్ళు తోడే పంపులో రబ్బరు రెక్కలుంటాయి. నీళ్ళు లేకుండా తిప్పితే కాసేపట్లోనే అవి మాడిపోతాయి. నలుగురం పట్టి మోటారు కాలు డ్రమ్ములో మునిగేట్టు బిగించాం.

పదిసార్లు లాగితే గాని అంటుకోలేదు. అంటుకున్నాక లేచింది పొగ! నీలిపొగ పాకంతా కమ్ముకుని కొబ్బరికాయలు కనిపించలేదు. ఆవుదూడ తాడు తెంపుకుని పారిపోయింది. పావుగంటకి పొగ పలచబడింది. చప్పుడు కుదుటపడింది. నేను చెప్పిన వీణ అదే. "విన్నావా?" అన్నాను శిష్యుడితో. మేస్త్రి వినడంలేదు, చూస్తున్నాడు. మోటారు వెనకనుంచి పంపు నీళ్ళు సన్నటి ధారగా చిమ్మాలి, అది బలంగా పడుతోందంటే చల్లబరిచే నీళ్ళు తిరుగుతున్నట్టు గుర్తు. ఇక్కడ ధార కాదు, దగ్గినట్టు ఆగి ఆగి చుక్కలు పడుతున్నాయి.

మోటారు ఆపి, వేడి ఇంజనుకి మళ్ళీ గేజి బిగించాడు. ఈసారి కింది సిలిండరు ముందు చూశాడు. 112. పైదానికి మార్చాడు. శిష్యుడు లాగుతున్నాడు. ముల్లు 50 దాటింది, 70 దాటింది, 78 దగ్గర నిలబడిపోయింది. ఇంకో నాలుగుసార్లు లాగించాడు. 78. గేజి విప్పి మళ్ళీ బిగించి లాగించాడు. 78.

పాకలో ఎవరూ మాట్లాడలేదు.

"నిలవ పెట్టే ఇంజన్లో చెంచాడు ఆయిలు పొయ్యడం తప్పుకాదండి. తుప్పు పట్టకుండా అందరం పోస్తాం" అన్నాడు మేస్త్రి, ఎవరివంకా చూడకుండా. "కాని ఆ ఆయిలు రింగుల పక్కన నిలబడి గాలిని పోనివ్వదండి. అప్పుడు గేజిలో తేలేది ఆయిలు బలం. అది కాలిపోయాక తేలేది ఇంజను బలం."

మాటతో వదల్లేదు. పై రంధ్రంలో చిన్న చెంచాడు ఆయిలు తనే పోసి, నాలుగుసార్లు తిప్పించి, మళ్ళీ గేజి పెట్టాడు. ముల్లు 105కి ఎక్కింది. ఆయిలు పొయ్యగానే ఎక్కిందంటే కారేది పైమూత దగ్గర కాదు, పిస్టను రింగుల దగ్గరో సిలిండరు గోడ దగ్గరో అని దాని అర్థమట. మూత కింద గ్యాస్కెట్టు పోయివుంటే ఆయిలు పోసినా ముల్లు కదలదు.

నా శిష్యుడు నావైపు తిరిగి, "పక్క సందుల్లోంచి కారిపోతోందన్నమాటండి మేష్టారూ" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. వాడికి ఆ రోజు జ్ఞాపకమైనా వుందో లేదో. నాకు మాత్రం వెనక బెంచీ, సుద్దముక్క, వాణ్ణి కూర్చోబెట్టిన నా గొంతు అన్నీ ఒక్కసారి జ్ఞాపకం వచ్చాయి.

బావగారు తేలిగ్గా తీసిపారెయ్యబోయారు. "ఒకటి 112, ఒకటి 78. సగటు 95. చక్కగా ఆడుతోందిగా!" అన్నారు. మేస్త్రి తల అడ్డంగా వూపాడు. ఒక్కొక్క రకం ఇంజనుకి ఒక్కొక్క అంకె, అసలు అంకె కన్నా రెండింటికీ మధ్య తేడా ముఖ్యమట. పదోవంతుకి మించి తేడా వుండకూడదట. ఇక్కడ దాదాపు మూడోవంతు. బండికి రెండెద్దులు కట్టి ఒకటి లాగుతూ ఒకటి పక్కన నడుస్తూ వుంటే చదును నేలమీద ఎవరికీ తెలియదు, గట్టు ఎక్కించేటప్పుడు తెలుస్తుందన్నాడు. డ్రమ్ములో నీళ్ళూ, లంక పాయలో నీళ్ళూ చదును నేల. అందుకే నాకు వీణ వినిపించింది.

"మాకు గట్టంటే కెరటమండి" అన్నాడు శిష్యుడు. ఉప్పాడ దగ్గర పడవను ఇసుకలోంచి తోసి, కెరటం విరిగేచోటు దాటించాలి. రెండు కెరటాల మధ్య సందు చూసుకుని ఒక్క ఊపున కొట్టాలి. అక్కడ ఇంజను నీరసించిందంటే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవని తరవాతి కెరటం బోర్లా వేస్తుంది. వాడు ఇదంతా మామూలుగా, బస్సు దారి చెప్పినట్టు చెప్పాడు. పడవలో వాడూ, తమ్ముడూ, ఇంకో ఇద్దరూ వుంటారు.

అప్పుడు బావగారు నన్ను అడిగారు. "మీరు చెప్పండి బావగారూ. మీరు ఎక్కి తిరిగారుగా. ఎప్పుడైనా మొరాయించిందా?"

అందరూ నావంక చూశారు. నిజం చెప్పేస్తాను. ఆ క్షణంలో నాకు కెరటమూ గుర్తులేదు, గొలుసూ గుర్తులేదు. అత్తవారింటి ముందు పలచబడిపోతానన్న భయం ఒక్కటే వుంది. "అబ్బే, మొరాయించలేదు... ఏదో కాస్త సర్దుకుంటే..." అని నసిగాను. ఇన్నేళ్ళ పాఠాల్లో అంత అధ్వాన్నమైన జవాబు ఏ పిల్లవాడి నోటా వినలేదు.

మా ఆవిడ మజ్జిగ గ్లాసులు తెచ్చి బల్లమీద పెట్టింది. "అన్నయ్యా, ఆ అబ్బాయి పెళ్ళాం గొలుసు తాకట్టు పెట్టారు" అంది. అంతే అంది. లోపలికి పోలేదు, అక్కడే నిలబడింది.

నేను లేచాను. "బావగారూ, నేను చెప్పింది చప్పుడు విని చెప్పానండి. చప్పుడు తప్ప నాకింకేమీ తెలియదు. తెలియకుండానే వీడికి హామీ ఇచ్చాను. తప్పు నాది. 65కి వీణ్ణి తీసుకోమని నేను చెప్పలేను" అన్నాను. చెమట పట్టింది గాని గొంతు మాత్రం పట్టుదప్పలేదు.

బావగారు చాలాసేపు ఊరుకున్నారు. ఆ తరవాత ఆయన చేసిన పని ఆయన గౌరవానికి తగిందనే అంటాను. మూత విప్పి లోపల చూసుకోమన్నారు. అమ్మేవాళ్ళు దానికి తొందరగా ఒప్పుకోరట. ఉప్పుగాలికి నట్లు పట్టేసి, విప్పడానికి గంటన్నర పట్టింది. పై సిలిండరు గోడ మీద నిలువుగా గీతలు. మేస్త్రి నా వేలు పట్టుకుని లోపల పెట్టి, "గోరు తగులుతోందాండి?" అన్నాడు. తగిలింది. గోదావరి బురదనీటికి పంపు రబ్బరు రెక్కలు అరిగిపోయాయి. నీళ్ళు పైదాకా ఎక్కక పై సిలిండరు కాగిపోయి పిస్టను గోడని గీరేసింది. దగ్గే ఆ నీటిచుక్కలు చెప్పింది ఈ సంగతే.

అడుగున పంకా దగ్గర గేరాయిలు కూడా ఒక చుక్క కార్చి చూశాడు. అది పాలలాగా తెల్లబడివుంటే నీళ్ళు దూరినట్టు. అప్పుడైతే మాట్లాడకుండా ఆటో ఎక్కేవాడట. అది శుభ్రంగానే వుంది. కింది సిలిండరు నున్నగా వుంది. సిలిండర్లు రీబోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు, రింగులు, గ్యాస్కెట్టు, పంపు రబ్బరు అన్నీ వేస్తే 22 వేల దాకా అవుతుందనీ, అలా చేస్తే ఇంకా చాలాకాలం పనిచేసే ఇంజనేననీ చెప్పాడు. బావగారు 50 అన్నారు. శిష్యుడు మాట్లాడలేదు. మా ఆవిడ "నలభై" అంది. చెల్లెలితో బేరమాడడం బావగారికి చిన్నప్పటినుంచీ చేతకాదు. నలభైకి ఖాయమైంది.

ఆ పూట విస్తళ్ళు వేశారు గాని బావగారు మాతో కూర్చోలేదు, తలనొప్పిగా వుందన్నారు.

మోటారును పాత చాపలో చుట్టి ఆటో వెనక పడుకోబెట్టాం. దారిలో మేస్త్రి ఒకసారి, "ఆ ప్లగ్గుల మీద ఆయిలండి..." అని ఏదో చెప్పబోయి, మా ఆవిడ వుందని చూసి, రోడ్డు వంక తిరిగి ఊరుకున్నాడు. నేను అడగలేదు. దాన్ని నిలవ పెట్టిన రోజున పోశారో, మేం వస్తున్నామని తెలిశాక పోశారో ఆ మనిషి ముక్కుకి తెలిసేవుంటుంది. యానాం దాటాక మా ఆవిడ మొదటిసారి నోరు విప్పింది. "నాన్న పోయాక నాకు పుట్టిల్లంటే అన్నయ్యే" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకోలేదు, ఏమీ లేదు. ఊరికే అంది. కాకినాడ వచ్చేదాకా దానికేం చెప్పాలా అని ఆలోచించాను. ఏమీ తోచలేదు.

జూన్ 15 తెల్లవారుజామున ఉప్పాడ వెళ్ళాను. శిష్యుడు రమ్మన్నాడు. రీబోరు అయ్యాక రెండు సిలిండర్లూ 118, 116 చూపించాయని మేస్త్రి ముందే చెప్పాడు. నిషేధం ఎత్తేసిన మొదటి రోజు ఆ ఒడ్డు చూడవలసిందే. సముద్రం కోసుకుపోయిన రోడ్డు పక్కన రాళ్ళమీద ఆడవాళ్ళు, పిల్లలు. పడవలకు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. వాడి భార్య నన్ను చూసి నమస్కారం పెట్టింది. మెడలో పసుపుతాడు మాత్రమే వుంది, గొలుసు ఇంకా విడిపించలేదు. పడవని తోశారు. వాడు తాడు రెండుసార్లు లాగాడు, అంటుకుంది. మొదటి కెరటం మీదికి ముక్కు లేపి పడవ ఎక్కింది. అవతల కనబడలేదు. మళ్ళీ కనబడింది. రెండోది విరగబోతుంటే దాని భుజం మీదనుంచి దాటింది. నేను చప్పుడు వినడానికి ప్రయత్నించాను గాని కెరటాల హోరులో ఏమీ వినిపించలేదు.

బావగారి దగ్గరనుంచి దసరాకి ఫోను రాలేదు. దీపావళికి మా ఆవిడే చేసింది. పొడిపొడిగా మాట్లాడారు. నన్ను అడిగినట్టు చెప్పమన్నారట, అదీ వాళ్ళావిడ చేత. మా ఇంట్లో ఆ మోటారు మాట ఎవరూ ఎత్తలేదు.

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున నా ఫోనుకే వచ్చింది. "కులాసాయేనా బావగారూ? చెల్లాయి బాగుందా?" అని అటూ ఇటూ నాలుగు మాటలు మాట్లాడి, "మావాడికి పాత కారొకటి చూశాం. పెట్రోలుది. మీ మేస్త్రి కార్లు కూడా చూస్తాడేమో కనుక్కుంటారా? ఆ గేజి పట్టుకుని రమ్మనండి, చార్జీలు నేనిస్తాను" అన్నారు.

సాయంత్రానికి కనుక్కుని చెప్పాను. "వస్తాడట. కాని తాను వచ్చేవరకు ఆ కారు ఇంజను వేడిచెయ్యొద్దని అమ్మేవాళ్ళకి చెప్పమన్నాడు" అన్నాను.

అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తరవాత బావగారు చిన్నగా దగ్గి, "అలాగే. ఆయిలు కూడా పొయ్యొద్దని చెప్తాలెండి" అన్నారు.